పసుపు చీటీ

రాత్రి పదిన్నర.
అబ్బాసియాలో కరెంటు పోదు, నేను నిద్ర పోను.
సిసిలీ చేచ్చి నైట్ డ్యూటీకి వెళ్లింది
ఆమె మంచం ఈ పూటకి నా బల్ల.
పక్క మంచం మీద గంగాదేవి, గోడవైపు తిరిగి.
లైటు ఆమె రెప్పల మీద పడకుండా
బియ్యం సంచి చీల్చి బల్బుకి అడ్డం కట్టాను.
బయట దుమ్ముగాలి.
కిటికీ సందులో కుక్కిన తడి తువ్వాలు
తెల్లారేసరికి ఇటుక రంగు తేలుతుంది.

పార్ట్‌టైం డిగ్రీ, మూడో ఏడు, ఆరో పేపరు.
ఫీజు వాయిదా, జీతంలో మూడో వంతు.

బడిలో నన్ను మిస్ అనరు.
మిస్ అంటే బోర్డు ముందు నిలబడే మనిషి.
నేను పక్కన కూచునేదాన్ని.
మోకాళ్లు గడ్డానికి తగిలే పిల్లల కుర్చీలో నాలుగేళ్లుగా,
పెన్సిలు చెక్కుతూ, ముక్కు తుడుస్తూ,
అరబ్బీ పీరియడ్లో 'బా' కింద చుక్క మరిచిన వేలికి
చుక్క చోటు చూపిస్తూ.

తామిర్‌కి ఎనిమిదేళ్లు.
చదువుతూ చదువుతూ మూడో మాట దగ్గర
ఇసుకలో దిగబడిన బండి అవుతాడు.
వీపు మీద చెయ్యి వెయ్యను, బెదురుతాడు.
బల్ల మీద వేలితో మెల్లగా,
టక్. టక్.
బండి కదులుతుంది.
ఇది నాకెవరూ నేర్పలేదు.
దీనికో పేరుందని, పేరు రాస్తే రెండు మార్కులని
ఈ పుస్తకం కొన్నాకే తెలిసింది.

ప్రశ్న నాలుగు:
అభ్యసనంలో స్కాఫోల్డింగ్, సోదాహరణంగా వివరింపుము.
పదిహేను మార్కులు.

నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వాను, గంగాదేవి లేస్తుందని.
పదకొండేళ్లుగా మా ఓబులేసు అన్నం ఆ మాటే.
మీనా అబ్దుల్లా రిఫైనరీలో
ఆరు రోజులు గొట్టాలు, క్లాంపులు,
శుక్రవారం మాత్రం నా మొగుడు.

ఫోను చేశాను.
"నీ పని గురించి చెప్పు, పరీక్షకి."
"నిద్ర చాలక పిచ్చి పట్టిందామే?" అన్నాడు.
తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు,
కింది మంచం మనిషికి తెల్లారి నాలుక్కి షిఫ్టు.

"ముందు నేల చూడల్ల.
ఇసక మీద కాళ్లు నిలబడవు, అడుగున పలక పరచల్ల.
గోడకి దగ్గరగా కట్టల్ల గానీ గోడ మీద బరువు ఎయ్యగూడదు.
కట్టినాక చీటీ తగిలిస్తారు.
ఆకుపచ్చదైతే ఎక్కు. ఎర్రదైతే ఇంజనీరైనా ఎక్కగూడదు.
పసుపుదైతే నడుముకి తాడు కట్టుకోని ఎక్కు."

కొంచెంసేపు ఏసీ చప్పుడే వినపడింది.

"కట్టేది ఎవుడైనా కడతాడు.
ఇప్పేదాంట్లో ఉండాది పనితనం.
పైనుంచి కిందికి, ఒక్కోటి.
తొందరపడి అడుగు క్లాంపు లాగితే నెత్తిన పడతాది.
అంతా ఇప్పినాక ట్యాంకు ఒక్కటే ఉంటాది, తెల్లగా.
పెద్దసార్లు వచ్చి ఫోటో దిగేది అప్పుడే.
సరే, పడుకో."

పడుకోలేదు. అదంతా రాశాను,
'ఇప్పేది' అన్న చోట 'ఉపసంహరణ' అని.

మరుసటి ఆదివారం తామిర్ మూడో మాట దగ్గర ఆగాడు.
నా వేలు లేచింది.
దాన్ని పిడికిట్లో మూసి ఒళ్లో పెట్టుకున్నాను.
ఎంతసేపని చెప్పను,
క్లాసులో ఎవరో దగ్గి, ఎవరో రబ్బరు కింద పడేసి వెతుక్కున్నంత.
బల్ల అడుగునుంచి సన్నగా,
టక్.
వాడిది.
రెండు మాటలు దాటాడు. మళ్లీ ఆగి నా వైపు చూశాడు.
నేను 'బా' కింద చుక్క వైపు చూశాను.
ఆ రోజు వాక్యం పూర్తి కాలేదు.

నెలకి మార్కులొచ్చాయి. పదిహేనుకి ఏడు.
అంచున ఎర్ర సిరా:
'ఉదాహరణ పాఠ్యాంశానికి వెలుపలిది.'

శుక్రవారం ఓబులేసు వచ్చాడు,
గోళ్లలో ఇంకా తుప్పు.
కాగితం అటూ ఇటూ తిప్పి, చదవకుండానే,
"ఏం చీటీ తగిలించినారు?" అన్నాడు.

"పసుపు."

పల్లీ వొలుస్తున్న చెయ్యి ఆగింది.
"తాడు కట్టుకున్నావు గదా?
మరింక ఎక్కు."