స్ట్రా వేసిన సీసా

కమ్మనహళ్లి మెయిన్ రోడ్డు దాటాక
మొబైల్ షాపుకీ బిర్యానీ హోటల్‌కీ మధ్య
నడుం దాకా సిమెంటులో కూరుకుపోయి
నిలబడి ఉంటాడు ఆయన.
ఏడాదంతా భుజమ్మీద ఎవరో ఒకరు హెల్మెట్ తగిలిస్తారు.
ఈ ఒక్కరోజే పసుపు.

మా పార్లర్‌లో కాళ్లు పిసికే పిమ్
నెల ముందునుంచే అడుగుతోంది, చూపిస్తావా అని.
ఆమెకి తెలుగు రాదు, నాకు ఆమె థాయ్ రాదు.
ఓనరమ్మ మమ్మల్ని ఏ కన్నడంలో తిడుతుందో
అందులోనే ఇద్దరం మాట్లాడుకుంటాం.

వాళ్ల ఊళ్లోనూ ఒకాయన ఉన్నాడట.
రాజు కాదు, రేవు దాటించేవాడు.
దండు వచ్చిన రాత్రి
పడవకి తనే చిల్లు పెట్టి
నట్టేట వాళ్లతో సహా మునిగాడట.
ఆయన పండక్కి వీధి పొడుగునా టపాకాయల దండ కాలుస్తారు,
మొక్కు తీరినవాళ్లు సిమెంటు కోడిపుంజుల్ని తెచ్చి నిలబెడతారు.
ఎన్ని, అన్నాను.
అంకెలు చాలక
చెయ్యి తిప్పి గాలిలో ఒక పొలమంత చూపించింది.

మా ఆయన సంగతి నాకే సరిగా తెలీదు.
ఆవుల మందకోసం చచ్చాడని మా మేనత్త,
కాదు, పులితో అని ఇస్త్రీ బండి గంగులప్ప.
వీరగల్లు అడుగు వరసలో గుర్రం, కత్తి.
నడిమి వరసలో ఇద్దరాడవాళ్లు
చంకల కింద చేతులేసి ఆయన్ని పైకి తీసుకుపోతున్నారు.
పిమ్ వేలు అక్కడ చాలాసేపు ఆగింది.

పేరు?

పూజారి నారెప్ప నూనెగుడ్డతో
అక్షరాలుండాల్సిన చోట తుడిచి
'అరిగిపోయింది తల్లీ' అన్నాడు.

తప్పెట్లు మొదలయ్యాయి.
కోడి, సారాయి, చుట్ట, ఆకులో గుగ్గిళ్లు.
వాటి పక్కన పిమ్ సంచీలోంచి
ఎర్ర సోడా సీసా తీసి పెట్టింది.
మూత తిప్పింది, స్ట్రా వేసింది,
స్ట్రా కొస వీరుడి నోటివైపు తిప్పి మరీ సర్దింది.
వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.
నేను సిగ్గుపడ్డాను.
ఇదంతా రాస్తున్నది బహుశా ఆ సిగ్గు వల్లే.

నారెప్ప ఒక్క క్షణం చూసి
చుట్టని కాస్త పక్కకి జరిపి చోటు చేశాడు.
సీసా మెడకి కుంకుమ కూడా పెట్టాడు.

ఇంటాయన అడ్వాన్సు తిరిగిచ్చేలా చూడమని
నేను మొక్కుకున్నాను.
ఆమె ఏం కోరుకుందో అడగలేదు.
పది నెలలుగా ఆమె పాస్‌పోర్టు
ఓనరమ్మ బీరువాలో ఉంది.

రాత్రి పార్లర్ తుడిచి వస్తూ చూస్తే
సీసా సగమే ఉంది.
పక్కనే నారెప్ప మనవడు,
పెదాలు ఎరుపు, నాలుక ఎరుపు, చొక్కా ముందరంతా ఎరుపు.
తిట్టబోయాను.
పిమ్ నా చెయ్యి పట్టుకుంది.
మా దగ్గరా ఇంతే, అంది,
ఆయన తాగేది పిల్లల నోటితోనే.

తరవాత రాయితో
తన భాషలో ఏదో అంది, చిన్నగా, రెండుసార్లు.

నాకు అర్థం కాలేదు.
బొడ్డున దోపుకున్న బీరువా తాళంచెవి
ఇల్లు చేరేదాకా
గుచ్చుకుంటూనే ఉంది.