ఇరవై నిమిషాల చోటు

బడి జిమ్‌లో మీటింగు.
బాస్కెట్‌బాల్ గీతల మీద కుర్చీలు వేసుకుని
కోర్ట్రైక్ జనం ఇటు సగం, అటు సగం.

పరుపుల కొట్టు వానెస్ లేచాడు:
"డబుల్ కాట్ పరుపు నెత్తిన పెట్టుకుని ఎవడు పోతాడయ్యా?
కారాగని వీధిలో బేరమూ ఆగదు."
కేఫ్ లీస్‌బెత్ ఊరుకుంటుందా,
"నీ పరుపు పదేళ్లకోసారి కొంటారు,
నా కాఫీ రోజుకి రెండుసార్లు తాగుతారు.
ఆ బంపర్ల మధ్య బల్లలెక్కడ వెయ్యను?"
ఈలలు. ఎవరిదో పసిబిడ్డ ఏడుపు.
లెక్కలు తెచ్చినవాడు లెక్కలు చదివాడు.
ఎవరిక్కావాలి!

నేను వెనక వరసలో, యూనిఫాం లేకుండా.
పందొమ్మిదేళ్లుగా ఆ వీధిలో చలాన్లు రాసే గోడెలీవ్‌ని
ఎవరూ పోల్చుకోలేదు.
మంచిదే. రెండువైపులా నేనంటే పడదు.

మంగళవారం పన్నెండింటికి బూడిదరంగు ఓపెల్.
లోపల ముసలి ఓడిలాన్.
దిగి చిల్లర వేస్తాడు, చీటీ అద్దం దగ్గర పెడతాడు,
మళ్లీ ఎక్కి కూచుంటాడు. అంతే.
ఎదురుగా ఒకప్పటి ఊలు దుకాణం,
ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి.
ఆవిడ షట్టరు దించి భోజనానికి వచ్చే వేళ అది.
గడువు దాటినా నేను రాయను.
నా ఉద్యోగం మొత్తంలో తిన్న లంచం ఒక్కటే,
అద్దం దించి ఆయనిచ్చే పిప్పరమెంటు.

చేతులెత్తమన్నారు.
నా చెయ్యి నడిచేవాళ్ల వైపు లేచింది.
ఇన్నేళ్లు ఆ పొగ మింగిన ఛాతీ
నన్నడగలేదు.

ఏప్రిల్‌కి తెల్లగీతలు చెరిపేశారు.
వానెస్ మూడు చక్రాల బండి కొన్నాడు,
తిట్టుకుంటూనే తొక్కుతున్నాడు.
లీస్‌బెత్ బల్లలు వీధి నడుమ దాకా వచ్చాయి,
వాటి మీద మరీ ఎక్కువ పువ్వులు.
ఓపెల్ ఉండే చోట బెంచీ.

మంగళవారం, బస్సు దిగి వచ్చాడాయన.
బెంచీ ఖాళీగానే ఉంది.
దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, 
తలుపు ఎటుందో వెతుకుతున్నట్టు.
"కూచోండి," అన్నాను.
"ఇక్కడ అందరికీ కనిపిస్తానమ్మా," అన్నాడు,
"కార్లో అయితే ఏడ్చేవాణ్ని."

వీధికి వీపు పెట్టి
ఆయనకి అడ్డంగా నిలబడ్డాను.
నా కోటు వెడల్పే.
గడియారం చూడలేదు,
ఇరవై నిమిషాలు దాటే ఉంటుంది.