పత్తి ఏరేవాళ్ళ స్టేషన్

తాష్కెంట్ అడుగున
చివరి రైలు వెళ్ళిపోయాక
సొరంగంలోంచి వచ్చే గాలి
చీపురు కంటే ముందే కాస్త ఊడుస్తుంది.

అప్పుడు నిచ్చెనెక్కుతుంది సనోబర్,
గోడమీది పత్తిచేను తడిగుడ్డతో తుడవడానికి.
నీలం మీద తెలుపు, అక్కడక్కడా బంగారం.
గోరంత ముక్కలు,
ఎవరో ఒక్కొక్కటే అతికించిన పంట.

ఈ కాయల డొప్పలు వేళ్ళు గీరవు.
సంచి తూచి 'తక్కువ' అనే బ్రిగాదిర్ లేడు.
ఏడో తరగతిలో బడి మూసి
అక్టోబరంతా చేలకి తోలినప్పటి చలి
ఇంకా ఆమె బొటనవేలి పక్కన
ఒక గీతగా ఉంది.

"మేం ఏరింది ఇదేనా?" అందోసారి.
"అదే. మట్టి కడిగేశారంతే,"
అన్నాడు తోహిర్, బల్బు మారుస్తూ.

మొన్న ఓ తెల్లముక్క ఊడి
బకెట్లో టప్పున పడింది.
రిజిస్టర్లో రాయాలి.
రాయలేదు.
జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి
నాలుగు రాత్రులు టీ గిన్నె పక్కన పెట్టుకుంది.
బతుకులో లెక్కచెప్పకుండా
తెచ్చుకున్న పత్తి అదొక్కటే.

ఐదోరాత్రి జిగురు పూసి అతికించింది,
కొంచెం వంకరగా.
కావాలని కాదు, చెయ్యి వణికింది.

పొద్దున్నే మెట్లు దిగే జనం
ఫోన్లు చూసుకుంటారు, గోడని కాదు.
చూసినా
ఆ ఒక్క ముక్క దగ్గర వెలుతురు
మిగతా చేనుకి ఎదురు తిరుగుతుందని
నిచ్చెనెక్కిన వాళ్ళకే తెలుస్తుంది.