బూడిద చల్లే రోజు

మార్చి నెలాఖరు. బియేలో
మంచు ఇంకా మోకాలిలోతు.
చలికాలమంతా పొయ్యిలో పోగైన బూడిదని
చేటలోకెత్తి, విత్తనాలు జల్లినట్టే
పెరటి మీద చల్లుతుంది ఫుజినొ.
నల్లనిది ఎండని తాగుతుంది,
తెల్లనిది ఊరికే తిప్పికొడుతుంది.
అత్తగారు చెప్పిన లెక్క.

నాలుగో రోజుకి
క్యాబేజీ మోళ్ళు తేలాయి,
వెల్లుల్లి మొలక ఒక్కటి, పచ్చగా.
దాని పక్కనే
నోరు తెరుచుకుని కత్తెర.

అక్టోబరులో పోయిందది.
"మీ చేతిలోనే చూశాను" అనేసింది
కంచె అవతలి ఇవాజోని.
ఆపైన అయిదు నెలలు
ఎవరి గుమ్మం ముందు మంచు వాళ్ళే ఎత్తిపోసుకున్నారు.

తుప్పు గీకింది. నూనె రాసింది.
రెండుసార్లు గాలిని కత్తిరించి చూసింది.
మాటకేం రాయాలో తెలియలేదు.

చేటలో మిగిలిన బూడిదని
కంచె మీంచి
అటువైపు చల్లింది.