మూడు పిలుపులు

టెక్కలి కోర్టు వరండాలో
ముప్పైయొక్క ఏళ్ళు నా గొంతే గంట.
ఒక పేరు, మూడు సార్లు.
మొదటిది మనిషికి,
రెండోది కునుకుపట్టిన మనిషికి,
మూడోది రోడ్డవతల టీ బడ్డీలో
వకీలు కోసం ఎతుకుతున్న మనిషికి.
మూడిటికీ పలక్కపోతేనే
లోపల కాయితం మీద గీత పడాల.
అది సట్టమో మామూలో నాకు తెల్దు,
ఆ యమ్మే నేర్పినాది.

అప్పటికి మున్సిఫు. బమ్మిడి దమయంతి.
మందస దగ్గర, జీడితోట కూలోడి కూతురని
గుమస్తాలు గుసగుసలాడీవోరు.
వొచ్చిన మొదటి వారమే నన్ను పిలిసి
"అసిరయ్యా, రెండుసార్లే పిలిచి ఆపేశావు.
ఆ ముసలమ్మ మెట్లెక్కడానికి ఎంతసేపు పడుతుందో
ఎప్పుడైనా లెక్కపెట్టావా?" అన్నాది.
ఆ రాత్రి లెక్కెట్టినాను. తొమ్మిది మెట్లు.

మూడేళ్ళ కిందట మాఘంలో తెలిసినాది,
జిల్లా జడ్జీ అయిన ఆ యమ్మ పేరు
హైకోర్టుకి రాసినారంట.
అమరావతిలో ముగ్గురు పెద్దలు కూకుని రాయాల,
ఢిల్లీలో మరికొందరు కూకుని సదవాల,
నడిమిన సర్కారు సూడాల, ఆఖర్న రాష్ట్రపతి సంతకం.
కొలీజియం అనాలంట.
నాకు నోరు తిరగలేదు,
టైపిస్టు తవిటినాయుడు పలికించినాడు.
సాయంత్రం బార్ రూములో జంతికలు పంచినారు.
ఆ యమ్మంటే గిట్టనోళ్ళూ నమిలినారు.

పది రోజులకి ఒకడొచ్చినాడు.
మామూలు సొక్కా, పోలీసు జోళ్ళు.
టీ ఇప్పించినాడు, బన్ను కూడా.
"ఆవిడ ఇంటికి ఎవరెవరు వస్తారు?
కులం వాళ్ళ పెళ్ళిళ్ళకి వెళ్తుందా?
మనసులో ఏ పార్టీ?"
ఇన్నేళ్ళూ నన్ను అడిగినోడు లేడు.
నాకేమో సెప్పాలనే ఉన్నాది.
సెప్పినాను.

క్వారీ దొర కేసునాడు
కుర్సీ ఎయ్యమని దొర నాకు సైగ సేసినాడు.
ఆ యమ్మ సూసి
"వెయ్యి అసిరయ్యా, ఆ కాలు పోయినాయనకి"
అన్నాదని సెప్పినాను.
రొమ్ము పొంగి మరీ సెప్పినాను.
రాతి పిండికి దగ్గుతున్న ఊరు సూడ్డానికి
ఆదివారం తన డబ్బుల్తో ఆటో కట్టించుకుని
ఎల్లినాదని సెప్పినాను.
ఆడు సిన్న పుస్తకంలో ఏటో రాసుకున్నాడు.
నా మాట అంత పొడుగు, ఆడి రాత ఇంత పొట్టి.
ఏటి రాసినావు బాబూ అని అడగలేదు నాను.
సేతిలో బన్నుంది మరి.

ఏడాది దాటినాక జాబితా వొచ్చినాది.
పదకొండు పేర్లు ఎల్తే ఏడు తిరిగొచ్చినాయి.
ఆ యమ్మది లేదు.
వాయిదా ఏసినారని ఒక వకీలు,
కాదు తిప్పి పంపినారని ఇంకో వకీలు.
ఎందుకో మాత్రం ఎవుడికీ తెల్దు.
కోడిని దొంగిలించినోడిక్కూడా మా కోర్టులో
కారణం రాసి, సంతకమెట్టి, నకలిస్తారు.
నకలు మీద స్టాంపు అంటించీది ఈ సెయ్యే.
ఆ యమ్మ కాయితానికి నకలు
ఏ కౌంటర్లో అడగాల?
ఆ గది బయట బంట్రోతున్నాడా?
ఉంటే ఎన్నిసార్లు పిలిసినాడు?

ఈ నెలాఖరుకి ఆ యమ్మ రిటైరు.
నాకింకా నాలుగు నెలలు.
కుర్సీ సంగతి సెప్పింది నానేనమ్మా
అందామని ఫోను తీసినాను.
మోగకముందే ఆపీసినాను.

నిన్న అయిదుంపావు.
కోర్టు లేసిపోనాది. బీరువాకి తాళమేసినాను.
నల్లరాయి లారీ ఒకటి
కిటికీ అద్దాల్ని వొణికించి పోనాది.
వరండా ఖాళీ అనుకుని
అలవాటైన సోట నిలబడి, గోడకి సెయ్యానించి
బమ్మిడి దమయంతీ...
అన్నాను. గొంతు బాగానే లేసినాది.
రెండోసారీ లేసినాది.
మూడోది ఎత్తీలోగా
స్తంభం ఎనకాల గోనెసంచి కదిలినాది.
పద్నాలుగేళ్ళ గట్టు తగాదా, ఉద్దానం ముసల్ది,
ఆఖరి బస్సుకి కూకుందో ఏటో,
ఎవుల పేరైతే ఏటి, పిలుపు పిలుపే అనుకుందో ఏటో,
మోకాళ్ళు పట్టుకుని లేస్తా
"వొస్తన్నాను బాబూ,
ఉండు, మెట్లున్నాయి" అన్నాది.