మూడో రింగు

వరంగల్ చౌరస్తాల నా దుకాణం
ఆరడుగుల వెడల్పు.
పది రూపాయల కార్డు గోరుతోటి గీకి
అంకెలు చదివి చెప్పిన కాలం నుంచి
మందికి మాటలమ్ముతున్న.

మా నాయన ఓదెలు
గోదావరిఖనిల ముప్పైమూడేండ్లు బొగ్గుబాయి దిగిండు.
దిగినోడు ఎక్కేదాంక కబురుండది.
అమ్మకు తెలిసిన నెట్‌వర్క్ ఒక్కటే,
షిఫ్టు సైరన్.

రిటైరైన పైసలు రాంగనే
ప్లాటు కొనుమన్నం. బ్యాంకుల ఎయ్యమన్నం.
"భూమి లోపల చూసిన.
ఇగ నీళ్ల మీద ఎట్లుంటదో చూస్త" అన్నడు.
విశాఖల ఓడ. తొమ్మిదిమంది. అయిదు రాత్రులు.
అక్క స్వరూప డబ్బ నిండ సర్వపిండి కాల్చింది,
ఓడల అన్నం పెట్టరన్నట్టు.

నేను పోలే.
బడులు తెరిచే నెల, గిరాకి ఉంటదన్న.
ఏడేండ్లప్పుడు కాలువల మునిగి తేలిన సంగతి
నేను చెప్పలే, అమ్మ చెప్పలే.
ఆ పొద్దు నాయన ఫస్టు షిఫ్టుల ఉండె.

ఓడ వైఫై ధర చూసి బావ సారంగపాణి తలకాయ పట్టుకున్నడు.
ఆ పైసలకు నా దుకాణంల
ఒక ఫోనొస్తది, చార్జరు తోటి.
ఒడ్డు దాటంగనే ఓడ టవరే పట్టుకుంటది,
జేబుల ఉన్న ఫోనుకు జేబే కోసుడు తెలుస్తది.
"అందరు విమానం గుర్తు ఒత్తుండ్రి" అన్న.
"ఓడల విమానమేందే!" అని
అమ్మ నవ్వితే పక్క చెప్పుల దుకాణపాయన తొంగిచూసిండు.

నాయన బటన్ల ఫోను ఒక్కటే తెరిచుండాలె.
సిమ్ము ఫారం వెనుక రాసిచ్చిన:
ఒక రింగు, అందరం తిన్నం.
రెండు, ఎవరో కక్కుతున్నరు, పరేషాన్ కాకు.
మూడైతే ఎత్తు, పైసలు పోతే పోనీ.
ఎత్తని ఫోనుకు బిల్లు లేదు.
అమ్మ ఆ కాగితాన్ని కొంగున ముడేసుకున్నది.

మొదటి రాత్రి తొమ్మిదింటికి ఒక రింగు.
షట్టర్ దించి ఇంటికి పోయిన.

రెండో రాత్రి రెండు.
ఎవరు? చిన్నపిల్లనా, బావనా, అమ్మనా?
మిస్డ్‌కాలు అంకె చెప్తది, పేరు చెప్పది.
తొమ్మిది మొకాలు ఒక్కొక్కటే
తెల్లారేదాంక ఎంచుకున్న.

మూడో రాత్రి తొమ్మిదాయె, పదాయె.
మండిబజార్ల చాయ్ తాగిన, ఇంకొకటి తాగిన.
పోయి మల్ల షట్టర్ ఎత్తి
లైటు ఎయ్యకుండ స్టూలు మీద కూసున్న.
గోడ నిండ ఫోన్లు. ఒక్కటి మోగది.
సైరన్ ఆలస్యమైన పొద్దుల్ల
అమ్మ గడప మీద చాట పట్టుకొని
చెరిగిన బియ్యమే మల్ల మల్ల ఎందుకు చెరిగేదో
ఇప్పుడు సమజైంది.

పదకొండు నలభై.
ఒకటి.
రెండు.
మూడు.

"నాయనా!"
గాలి మోత. దాని వెనుక దగ్గు, నాయనదే.
"ఏం లేదు బిడ్డా. అందరు పన్నరు.
చీకటి మస్తుగున్నది, బాయిల ఉన్నంత.
కని గాలున్నదిరా ఇక్కడ."
ఇరవై సెకన్లు. ఎంత కాలుతున్నదో నాకు తెలుసు,
మాటలమ్మేదాన్ని.
పెట్టేయమందామని నోరు తెరిచిన.

"నీకు నీళ్లంటే భయమని నాకెరుకే.
గందుకే గుంజకొచ్చుకోలే.
అక్కడ్నే కూసుండి విను."

చెయ్యి చాపినట్టున్నడు.
సముద్రం చిన్న స్పీకరు పగిలేటట్టు వచ్చి
నా ఆరడుగుల దుకాణంల
కవర్లను, కార్డులను, కాళ్లను తడిపింది.
కాళ్లు పైకి తీసుకోలే.

ఎంతసేపో చూడలే.
బిల్లు మాత్రం చూసింది:
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.
బావకు చెప్పకుండ నేనే కట్టిన.

తెల్లారి రాత్రి తొమ్మిదింటికి
ఒకటే రింగు.
తిన్నరు.