పాణి

వేట ఆపేసిన రోజులు. పడవలు బోర్లా పడుకున్నాయి.
చేతులు ఊరికే ఉండనివ్వక మా ఇంటాయన
బరంపురం పోయి తెచ్చాడు
ఒకటిన్నర అంగుళం ఇనప గొట్టాలు మూడు,
బారెడు గొలుసు, నాలుగు రంపం బ్లేడ్లు.
రెండువేల మూడొందలు.
వల బాకీకని దాచినవే అవి.

గోపాలపురం దాటాక ఇసక దిబ్బల వెనక మా వీధి.
ఒడియావాళ్ళు నోళియా సాహి అంటారు,
మేం పేట అంటాం.
కుళాయి ఉంది మాకు. నీలం రంగు కూడా వేశారు.
మేకపిల్లను దానికే కడతాం.

పెరట్లో మోకాలి లోతు గొయ్యి తీసి
నీళ్ళు పోసి పేడ కలిపాం.
గొట్టం కొసన రంపంతో పళ్ళు కోశాడాయన,
సొర నోట్లో ఉన్నట్టు.
వెదురు గెడ మీద ఆయనా, మా మరిది జగ్గులూ.
డ్రమ్మెక్కి, గొట్టం మూతి మీద నా అరచెయ్యి.
గెడతో లేస్తే మూయాలి,
దిగితే తియ్యాలి.
మూయి. తియ్యి. మూయి. తియ్యి.
ఒక్క లెక్క తప్పితే బురద మొహాన కొడుతుంది.
మొదటి గంటంతా నా మొహం చూసి నవ్వారు.
తర్వాత నవ్వే ఊపిరి లేదు వాళ్ళకి.
లోపలినుంచి గొట్టం నా చేతిని పీలుస్తోంది,
చంటిది పాలు పట్టి వదలనన్నట్టు.

తెల్ల ఇసక. నల్ల ఇసక, ఇనప రజనులా మెరిసేది.
ఆపైన గుల్లల ముక్కలు.
ఎవరి కాలంలోనో సముద్రం
మా పెరట్లోనే కాపురం చేసిందన్నమాట.
ఇరవై అడుగుల దగ్గర పచ్చటి ఇసక,
ఆవగింజంత పలుకులు.
ఎర్రమ్మత్త గుప్పిట్లో నలిపి చూసి
"సాలు, ఇక్కడాపండ్రా" అంది.
"మూడు గొట్టాలు కొన్నాం కదే,
మూడోది ఏం పాపం చేసింది?" అన్నాడు జగ్గులు.

ముప్పై అడుగులు.
ఇనుము పీకి ప్లాస్టిక్ గొట్టం దించాం.
దాని అడుగున సన్న గీతలు కోసి
రొయ్యపొట్టు పట్టే వలముక్క రెండు చుట్లు చుట్టాం.
దానికి తెలిసిన పనే,
నీళ్ళను పోనిచ్చి మిగతాది ఆపడం.

పాత పంపు బిగించి కొట్టారు.
బురద, ఆనక టీ రంగు, ఆనక తేట.
ముగ్గురం దోసిళ్ళు పట్టాం.
ముగ్గురం ఉమ్మేశాం.

సముద్రం.
కింద దారిన వచ్చి మాకంటే ముందే కూర్చుంది.

అత్త ఒక్క మాట అన్లేదు.
ఆ అనకపోవడం జగ్గులుకి గెడకంటే బరువైంది.
తీపి నీళ్ళు ఉప్పు నీళ్ళ మీద తేలుతాయట,
పాల మీద మీగడలా.
ఆ మీగడ మందమే మా వాటా.

జిల్లీ బడినుంచి వచ్చింది. ఒడియా బడి.
"అమ్మా, పాణి వచ్చిందా?"
మా ఇంట్లో నీళ్ళు, దాని పుస్తకంలో పాణి.
టెక్కలిలో మా పంతులు చెప్పేవాడు,
పాణి అంటే చెయ్యి,
శూలపాణి అంటే చేతిలో శూలమున్నవాడని.
గాజు గుచ్చుకున్నట్టు గుండ్రటి అచ్చు
నా అరచేతిలో ఎర్రగా.
"పొద్దున్నుంచీ పెట్టింది పాణేనే తల్లీ.
పాణి ఇంకా రాలేదు" అన్నాను.
పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

తెల్లారి పది అడుగులు పైకి లాగి
మిగిలిన ముక్క కోసేశాం. దాన్ని దండెం చేసుకున్నాను.
జగ్గులు మాట్లాడకుండా కొట్టాడు, కొట్టాడు.
అత్త ఒక పుక్కిలి నోట పోసుకుంది,
అటూ ఇటూ తిప్పింది,
కళ్ళు మూసుకుంది.
ఉమ్మలేదు.

రాత్రి పంపు పక్కన
చెంబెడు నీళ్ళు మూతపెట్టి ఉంచాను.
పొద్దున్నకి దాని తోలు ఎండిపోతుంది,
ముందు దానికి తాగిస్తే గానీ
మాకు తాగనివ్వదు.